పునాదాయన ఖాళీ గళ్లు

ఆయనకి అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటుంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. వీధి వీధంతా ఆయన్ని పునాదాయన అంటారు. ఆ పేరు ఎవరో అంటగట్టింది కాదు, ఆయనే నోరారా తెచ్చుకున్నాడు.

మూడేళ్ల కిందటి మాట. ఎదురింటి దర్జీ టేపు మెళ్లో వేసుకుని వచ్చి, గేటు మీద చేతులాన్చి, "సార్, మీరు కాలేజీ నుంచి రావడం రావడం ఆ గదిలో దూరతారు. మళ్లీ భోజనానికే బయటికి. లోపల ఏం చేస్తుంటారు?" అని అడిగాడు. మామూలు మనిషైతే ఏదో పనుందని తప్పుకుంటాడు. ఈయన తప్పుకోలేదు. ఎవరైనా అడిగితే బావుణ్ణని ఎన్నాళ్లుగానో కాచుక్కూర్చున్నవాడాయె, గేటు దగ్గర నిలబెట్టి ముప్పావుగంట చెప్పాడు.

ఆ ముప్పావుగంటలో దర్జీకి ఒంటబట్టింది ఇంత. శాస్త్రవేత్తలు నీళ్లు, గాలి, మన్ను, ఎండ, కంటికి కనబడిందల్లా కొలుస్తారు. కొలిచిన అంకెల్ని ఒక సాఫ్ట్‌వేర్‌లో పోస్తే అది కూడికలూ సగటులూ వేసి, గీతల బొమ్మలు గీసి చేతికిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదీ కాదు. ఎవరైనా ఊరికే దింపుకోవచ్చు, లోపలేముందో విప్పి చూడొచ్చు, బాగోలేకపోతే బాగుచేసి పంపొచ్చు. దాన్ని కనిపెట్టుకుని ఆరు దేశాల్లో ఆరుగురు పెద్దమనుషులున్నారు. అందులో ఈయనొకడు. లోపలికి వచ్చిన ప్రతి అంకే ముందుగా కూర్చునే పట్టిక ఒకటుంటుంది, గళ్లు గళ్లుగా. మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. ఆ పట్టిక పాతికేళ్ల నాటిది, అతుకు మీద అతుకు. దాన్ని పీకేసి కొత్తది కట్టే పని ఈయన నెత్తినేసుకున్నాడు.

"ఇంటికి పునాది ఎలాగో ఇది అలాగయ్యా" అన్నాడు చివరికి.

దర్జీ మెళ్లో టేపు సర్దుకున్నాడు. "అంటే మీరు చొక్కా కుట్టరు."

"కుట్టను."

"మిషనూ తొక్కరు."

"తొక్కను."

"మిషను కింద బల్ల మారుస్తారు."

"ఆ, అలా అనుకో."

"మరి బల్ల లాగేటప్పుడు ఆ మిషను మీద కుడుతున్నవాడికి చెప్పాలి కదా సార్? సూది వేల్లో దిగుద్ది."

"దానికి మాకో పద్ధతుందిలే" అని పునాదాయన నవ్వాడు. ఏమీ తెలియనివాడితో ఎంత ఓపిగ్గా మాట్లాడానో అని తనకి తనే మురిసిపోయే నవ్వు అది. సాయంత్రానికల్లా కొత్త పేరు వీధి చివర కిరాణాకొట్టు దాకా పాకింది.

మనిషి చెడ్డవాడు కాడు. ఆ మాట ఇప్పుడే అనేస్తే నయం, తర్వాత అనడానికి చోటు దొరక్కపోవచ్చు. నలభై ఆరేళ్లు. ముందు జుట్టు వెనక్కి పోయింది, కళ్లజోడు ముక్కు కొసకి వచ్చింది. కాలేజీలో కంప్యూటర్ల గది తాళాలు ఈయన దగ్గరుంటాయి. మొత్తం నలభై కంప్యూటర్లు, ఏ రోజు చూసినా వాటిలో పదకొండు పడకేసి ఉంటాయి. అక్కడ ఈయన్ని తలుచుకునేది ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నప్పుడే. పదేళ్లయినా ప్రిన్సిపాల్ గారికి ఈయన పేరు నోట్లో ఆడదు, "ఆ ప్రింటరాయన్ని పిలవండి" అంటాడు. అలాంటివాడికి ఇంటికొచ్చి గది తలుపేసుకోగానే హోదా మారిపోతుంది. ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లంతా కంప్యూటర్లోనే పోగై మాట్లాడుకునే చోటుంది, దాన్ని ఫోరం అంటారు. అక్కడ ఎక్కడెక్కడి పెద్ద చదువులవాళ్లూ "మీ అభిప్రాయం కోసం ఎదురుచూస్తున్నాం" అని ఈయనకి రాస్తారు. పగలంతా ప్రింటరాయన, సాయంత్రం పెద్దమనిషి. ఆపాటి తేడాకి ఎవరి కాళ్లయినా నేల మీద ఆనవు.

ఆ గది చూడాలి. పాత తలుపొకటి రెండు ఇనప బీరువాల మీద అడ్డంగా పడేసి బల్ల చేసుకున్నాడు. తలుపుకి గొళ్లెం అలాగే ఉంది, మోచెయ్యి దానికి తగిలి ప్రతి చొక్కా కుడిచేతి దగ్గర చిరుగే. గోడకి తెల్ల బోర్డు, దాని నిండా గళ్లు, బాణాలు. ఒక మూల "తుడవొద్దు" అని రాసి మూడేళ్లయింది, అక్కడ ఏం ఉండేదో ఆయనకే గుర్తు లేదు. గదికీ పక్క గదికీ మధ్య ఉన్నది చెక్క గోడ. అవతల అత్తగారి మంచం. ఆవిడకి చెవులు బాగా పనిచేస్తాయి, నోరు అంతకన్నా బాగా పనిచేస్తుంది.

భార్యది నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. వీధిలో ల్యాబమ్మ అంటారు. ప్రతి నెలా బోర్లవీ కుళాయిలవీ నీళ్లు సీసాల్లో వస్తాయి. సీసాలు కడగడం, చీటీలు అంటించడం, మెషిన్లో పెట్టి నీళ్లలో సీసం ఎంతుందో చూడడం, ఆ అంకెలు కంప్యూటర్లో పొయ్యడం, పదహారేళ్లుగా ఇదే పని. పోసేది ఎందులో అనుకుంటున్నారు? మొగుడు పునాది మారుస్తున్న ఆ సాఫ్ట్‌వేర్‌లోనే. పెళ్లయిన కొత్తలో ఆయనే నేర్పాడు. తర్వాత ఆ సంగతి ఆయన మర్చిపోయాడు, ఆవిడ వాడుకుంటూ పోయింది.

ఇక్కడొక చిన్న విషయం చెప్పుకోవాలి, కథంతా దాని మీదే తిరుగుతుంది. ల్యాబు మెషిన్ కంటికి అయిదు కన్నా తక్కువున్న సీసం ఆనదు. కాబట్టి నీళ్లు శుభ్రంగా ఉంటే ఆ గడిలో సున్నా అని రాయరు, అది అబద్ధమవుతుంది. ఖాళీగా వదలరు, అసలు పరీక్షే చెయ్యలేదని అర్థమొస్తుంది. "అయిదుకి తక్కువ" అని రాస్తారు. డబ్బాలో చెయ్యి పెట్టి వెతికితే ఉప్పు తగల్లేదనడం వేరు, డబ్బా మూత తియ్యలేదనడం వేరు. వంటచేసే వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పాత పట్టికకీ చెప్పక్కర్లేదు. అది అతుకులదే గానీ, ఆ అతుకుల్లో ఒకటి సరిగ్గా ఇందుకే వేశారు.

పునాదాయనకి ఆ అతుకు కంట్లో నలుసైంది.

"గడిలో అంకె ఉండాలి, లేదా ఖాళీ ఉండాలి. మూడోది ఉండకూడదు." ఇది ఆయన సూత్రం. నలభై ఒక్క పేజీల ప్రతిపాదన రాసి ఫోరంలో పెట్టాడు. ఆ ఆరుగురిలో ఒకాయన నక్షత్రాల వెలుగు కొలుస్తాడు. ఒకావిడ గాలివేగం. ఇంకొకతను ఏం కొలుస్తాడో ఎవరికీ తెలీదు, తన ఫొటో బదులు పిల్లిబొమ్మ పెట్టుకుని ఎవరేం రాసినా బొటనవేలు బొమ్మ కొడుతుంటాడు. సీసా కడిగిన చెయ్యి మాత్రం ఆరుగురిలో ఒక్కటీ లేదు. సూత్రం అందరికీ నచ్చింది. మరి తగువు దేని మీద వచ్చింది? పేరు మీద. దాన్ని గడి అనాలా, అర అనాలా అని నాలుగు నెలలు, రెండువందల పన్నెండు ఉత్తరాలు. నక్షత్రాలాయన అలిగి రెండు వారాలు మాట్లాడ్డం మానేశాడు. అలిగినాయన పోగా ఓట్లు పెడితే మూడూ మూడూ. చివరికి పిల్లిబొమ్మ పొరపాటున రెండు వైపులా వేలు కొట్టాడని తేలి మళ్లీ పెట్టారు.

ఆ రోజుల్లోనే ల్యాబమ్మ ఒకసారి నోరు విప్పింది. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. ఆయన నీళ్ల కోసం వంటింట్లోకి వచ్చాడు.

"ఏమండీ, కొత్త దాంట్లో మా 'అయిదుకి తక్కువ' ఏమవుతుంది?"

"ఖాళీ అవుతుంది."

"ఖాళీ అంటే చూడలేదని కదా?"

"అది మీరు పెట్టుకున్న అర్థం. పాత చెత్తే అది. అంకె ఉంటే అంకె, లేకపోతే ఖాళీ. శుభ్రంగా ఉంటుంది."

"శుభ్రంగా ఉన్నది నీళ్లండీ. వాటినే మీరు ఖాళీ అంటున్నారు."

పునాదాయన గ్లాసు దించాడు. ఆయన మొహంలోకి సాయంత్రపు పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. "చూడూ, ఇలా వంటింట్లో చెబితే కుదరదు. మాకో పద్ధతుంది. అభ్యంతరం ఉంటే ఫోరంలో రాయి. ముప్పై రోజులు గడువిచ్చాం. అందరికీ ఒకటే రూలు."

"నాకు కూడానా?"

"మరి ఇంట్లోవాళ్లని ప్రత్యేకంగా చూస్తే బయటవాళ్లు ఏమనుకుంటారు?"

చెక్క గోడ అవతల్నించి అత్తగారి గొంతు వచ్చింది. "రాయమ్మా రాయి. స్టాంపు మర్చిపోకు."

ల్యాబమ్మ నిజంగానే రాసింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండా, ల్యాబులో కూర్చుని, ల్యాబు పేరు మీదే రాసింది. "అయ్యా, మేము నీళ్లు పరీక్ష చేసేవాళ్లం. అయిదుకి తక్కువ అన్నదాన్ని ఖాళీ చేస్తే మంచి నీళ్లన్నీ లెక్కలోంచి పోతాయి. మిగిలిన చెడ్డ నీళ్లకే సగటు కడుతుంది. దయచేసి తియ్యకండి." నాలుగు వాక్యాలు. పదహారేళ్ల పని అందులో ఉంది.

ఫోరంలో ఫిర్యాదు రాయడానికి ఒక నమూనా ఉంది. పదకొండు భాగాలు: ఏ వెర్షను, ఏ కంప్యూటరు, ఏం ఆశించారు, ఏం జరిగింది, తిరిగి జరిపి చూపగలరా, ఇలా. ఆ నమూనా తయారుచేసింది పునాదాయనే. ఆదివారం పొద్దున్న టీ తాగుతూ ఆయన ఆ ఉత్తరం చూశాడు. ఎవరో నీళ్లవాళ్లు. పదకొండు భాగాల్లో తొమ్మిది లేవు. "మీ ఆసక్తికి కృతజ్ఞతలు. నమూనా ప్రకారం లేనందున, ఈ విషయం మా పరిధిలోకి రానందున మూసివేస్తున్నాం" అని రాసి మూసేశాడు. పిల్లిబొమ్మ వేలు కొట్టాడు. టీ గ్లాసు పట్టుకుని పునాదాయన వంటింట్లోకి వెళ్లి, "ఇంకో అరగ్లాసు పొయ్యి" అన్నాడు. ల్యాబమ్మ పోసింది. ఏమీ అనలేదు. అనే ఆడది ఏమీ అనకపోతే కొంపలో ఎవరైనా కనిపెట్టాలి. ఆయన కనిపెట్టలేదు.

ఇంకో దెబ్బ కూడా ఆయనకి ముందే తగిలింది, తుడిచేసుకున్నాడు. కొత్త కోడ్ పెట్టినప్పుడల్లా కంప్యూటరు పాత లెక్కలన్నీ దానితో చేసి చూసుకుంటుంది. సరిగ్గా వస్తే పచ్చదీపం, తేడా వస్తే ఎర్రదీపం. రెండువేల మూడువందల పచ్చదీపాల మధ్య ఒక్కటి ఎర్రగా వెలిగింది. విప్పి చూస్తే ఎవరో ఎప్పుడో రాసిన నీళ్ల లెక్క. "ఇది పాత పద్ధతికి పెట్టిన పరీక్ష" అనుకుని ఆ పరీక్షనే తీసేశాడు. అన్నీ పచ్చగా అయ్యాయి. జ్వరం తగ్గాలంటే థర్మామీటరు పారేస్తే చాలని పెద్ద చదువులు చదివితే గానీ తోచదు.

శుక్రవారం సాయంత్రం కొత్త పునాది లోకం మీదికి వెళ్లింది. మూడేళ్ల పని. మొదటి పేజీలో రూపకర్త అని ఆయన పేరు ఉంది, కరెంటు బిల్లు తర్వాత ఆ పేరు అచ్చయింది అక్కడే. ఆరు దేశాల నుంచి అభినందనలు. గాలివేగం ఆవిడ "సొగసు అంటే ఇదీ" అని రాసింది. పునాదాయన చిన్న కేకు తెచ్చాడు. సంతోషం పట్టలేక గేటు దగ్గరికి వెళ్లి దర్జీకి కూడా ఒక ముక్క ఇచ్చాడు.

"బల్ల మార్చేశారా సార్?"

"మార్చేశాను."

"సూది ఎవరికీ దిగలేదు కదా?"

"ఒక్క అభ్యంతరం లేదయ్యా. ముప్పై రోజులు గడువిస్తే ఒక్కటంటే ఒక్కటి నిలబడలేదు." అది అబద్ధం కూడా కాదు. నిలబడకుండా చూసింది ఆయనే.

సోమవారం ల్యాబమ్మ సెలవు పెట్టింది. జ్ఞానదంతం పీకించుకోవాలి. ఆ రోజే ల్యాబు కంప్యూటరు "కొత్త వెర్షను వచ్చింది, ఎక్కించమంటారా?" అని అడిగింది. ల్యాబు ఆఫీసరు తెర మీద ఏది అడిగినా "అవును" నొక్కే మనిషి. నొక్కాడు. నెలాఖరు రిపోర్టు కూడా ఆ రోజే పంపాలి. అరవై నాలుగు సీసాలు. యాభై ఎనిమిదింటికి "అయిదుకి తక్కువ". మిగతా ఆరింటిలో మూడింటికి ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఇంకో మూడింటికి పన్నెండు, పద్నాలుగు, ఇరవై రెండు. ఆ మూడు బోర్లకీ ఎప్పుడో తాళాలు పడ్డాయి, నీళ్లు పరీక్షకి తెస్తారు గానీ ఎవరూ తాగరు. కొత్త పునాది ఏం చేసింది? యాభై ఎనిమిది మంచి సీసాల్నీ ఖాళీ గళ్లు చేసి పక్కన పెట్టింది. ఆరింటిని కూడి ఆరుతో భాగించింది. సగటు పన్నెండు. పది దాటితే ప్రమాదమని రూలు. ఆఫీసరు సంతకం పెట్టి పంపేసి, పనైపోయిందని కాలర్ సర్దుకుని ఇంటికెళ్లాడు.

మంగళవారం పొద్దున ఏడుంబావుకి పునాదాయన స్నానానికి దూరాడు. ఒళ్లంతా సబ్బు పట్టించాడు, తలంతా షాంపూ. ఫోరంలో వచ్చిన పొగడ్తల్ని తలుచుకుంటూ తీరుబడిగా రుద్దుకున్నాడు. కళ్లు మూసుకుని కుళాయి తిప్పాడు. అది గుర్రుమంది, రెండు చుక్కలు ఉమ్మి ఊరుకుంది.

"ఏమే, నీళ్లు రావట్లేదు."

బయట నిలబడ్డ ల్యాబమ్మకి ఒక బుగ్గ నారింజపండంత వాచింది. చేతిలో ఫోనుంది, ఆఫీసరు అప్పుడే చేసి పెట్టేశాడు. రెండో బుగ్గతో చెప్పింది. "రావు. వార్డంతా కట్టేశారు. నీళ్లలో సీసం సగటు పన్నెండు వచ్చిందట."

"పన్నెండా? మన నీళ్లలోనా? మీ మెషిన్ పాడైనట్టుంది."

"మెషిన్ బాగానే ఉంది. యాభై ఎనిమిది గళ్లు ఖాళీగా ఉన్నాయిట."

 బాత్రూము తలుపు కాస్త తెరుచుకుని, నురగలోంచి ఒక కన్ను కనబడింది. "ఖాళీలు ఉంటాయని ముప్పై ఏడో పేజీలో స్పష్టంగా రాశానే. మీవాళ్లు చదవకుండా ఎక్కించారేమిటి?"

"ముప్పై ఏడో పేజీ."

"ఆ. మార్పుల వివరణలో. చివరి పేరా."

"కుళాయి మీద రాయాల్సింది."

"వెటకారం కాదు. వాడేవాళ్లు ముందే చెప్పుంటే..."

ఆవిడ ఫోను చీరకొంగులో ముడేసుకుంది. "చెప్పాను. వంటింట్లో చెబితే ఫోరంలో రాయమన్నారు. ఫోరంలో రాస్తే నమూనాలో లేదని మూసేశారు. ఇంకెక్కడ చెప్పాలి, చెప్పండి?"

"నువ్వు రాశావా? ఎప్పుడు?"

"వెతుక్కోండి. నేను ల్యాబుకి పోతున్నా. పాతది మళ్లీ ఎక్కించి లెక్క తియ్యాలి, రెండో రిపోర్టు పంపాలి. ఈ బుగ్గతో ఆఫీసరుకి అర్థమయ్యేలా చెప్పాలి." చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మా ల్యాబు సంగతి నేను చూసుకుంటాను. ఇంకెన్ని ల్యాబులు నిన్న 'అవును' నొక్కాయో, ఎంతమంది ఒంటి మీద సబ్బుతో నిలబడ్డారో, అది మీరు చూసుకోండి."

పునాదాయన తువ్వాలు చుట్టుకుని గదిలోకి వచ్చి తలుపుబల్ల ముందు కూర్చున్నాడు. సబ్బు ఎండడం మొదలైంది. భుజాల మీద చర్మం బిగుసుకుంటోంది. మూసేసిన ఉత్తరాలు వెతికితే రెండు నిమిషాల్లో దొరికింది. అయ్యా, మేము నీళ్లు పరీక్ష చేసేవాళ్లం. మంచి నీళ్లన్నీ లెక్కలోంచి పోతాయి. దాని కింద తన చేత్తో రాసిన జవాబు: మీ ఆసక్తికి కృతజ్ఞతలు. దాని కింద పిల్లిబొమ్మ వేలు. తారీఖు చూశాడు. ఆదివారం. ఇంకో అరగ్లాసు పొయ్యి అన్నాడు ఆ రోజు. ఆవిడ పోసింది.

ఫోరంలో అప్పటికే గొడవ మొదలైంది. ఎక్కడో ఇంకో దేశంలో మట్టి పరీక్షలవాళ్లు అంకెలు తేడాగా వస్తున్నాయని రాశారు. నక్షత్రాలాయన "వాడకందారులు వివరణ చదవాలి" అన్నాడు. గాలివేగం ఆవిడ "ఇది లోపం కాదు, ఉద్దేశపూర్వకమైన మార్పు" అంది. రెండింటికీ పిల్లిబొమ్మ వేలు. అంటే మిగతావాళ్లంతా ఈయన వెనకే నిలబడ్డారు. ఊరుకుంటే చాలు. రెండు వారాల్లో చిన్న సవరణ అని ఏదో అతికించొచ్చు, మొదటి పేజీలో పేరు అలాగే ఉంటుంది. ఇంకో దారి, విడుదలని మొత్తంగా వెనక్కి లాగడం. తాళంచెవి ఈయన దగ్గరే ఉంది. కానీ ఎప్పుడో గొప్పకి పోయి ఈయనే ఒక రూలు రాసిపెట్టాడు: వెనక్కి లాగినవాడు కారణమేమిటో, ముందుగా ఎవరు హెచ్చరించారో, ఎవరు పట్టించుకోలేదో తన పేరుతో అందరికీ కనబడేలా రాయాలి. ఆ రూలు రాసేటప్పుడు ఆయన మనసులో ఉన్నది పిల్లిబొమ్మ.

తలుపు దగ్గర అత్తగారు నిలబడింది. చేతిలో కూజా.

"అల్లుడుగారూ, తెల్లగా మెరిసిపోతున్నారు. పండగ రంగు వేసినట్టు."

"అత్తయ్యగారూ, ఒక చెంబు నీళ్లివ్వండి, మొహమన్నా కడుక్కుంటాను. కళ్లు మండుతున్నాయి."

"ఇవి తాగే నీళ్లు నాయనా. నిన్న పట్టినవి. పన్నెండు లేని నీళ్లు." కూజా చంకలోకి మార్చుకుంది. "అమ్మాయి అంత బుగ్గతో పరిగెత్తింది, ఏమైంది?"

అందరికీ అన్నీ విడమరిచి చెప్పే మనిషి, ఆ పూట రెండే మాటలు చెప్పాడు. "తను ముందే చెప్పింది. నేను వినలేదు."

"అదా." ఆవిడకి ఆశ్చర్యం వెయ్యలేదు. "మీ మామగారూ అంతే. ఇల్లు కారుతోందంటే వానాకాలం పోయాక మాట్లాడుకుందాం అనేవారు. అయితే ఆయన ఒక ఇల్లే కారబెట్టారు. మీరు చాలా ఇళ్లకి చేశారన్నమాట."

"వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే నా పేరు పోతుంది."

"ఏ పేరు?" అని ఆవిడ నిజంగానే అడిగింది. "వీధిలో పునాదాయన, కాలేజీలో ప్రింటరాయన. మూడోది కూడా ఉందా?"

ఆయన నవ్వబోయాడు, ఎండిన సబ్బు బుగ్గల మీద పటపటమని పగిలింది. తెర వైపు తిరిగాడు. గొళ్లెం మీద మోచెయ్యి ఆన్చాడు. టైపు చేశాడు. నమూనాలో ఏ భాగమూ లేదు. "ఈ విడుదలని వెనక్కి తీసుకుంటున్నాను. శుభ్రమైన నీళ్లని పరీక్ష చెయ్యని నీళ్లుగా చూపించింది. ఒక ల్యాబు నుంచి ఒకావిడ దీన్ని ముందే, నాలుగు వాక్యాల్లో, తేటగా చెప్పింది. చదివి మూసేసింది నేను. ఎర్రదీపం వెలిగితే పరీక్షనే తీసేసింది కూడా నేనే." కింద పేరు పెట్టాడు, కరెంటు బిల్లు మీద ఉండే పేరు. నొక్కాడు. మూడేళ్ల పునాది మూడు సెకన్లలో ఒరిగింది. పిల్లిబొమ్మ వేలు కొట్టాడు.

అత్తగారు అంతసేపూ వెనకాలే నిలబడి తెర చూసింది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, అయినా చివరిదాకా చదివింది. లోపలికి వెళ్లి ఒక గిన్నె తెచ్చి, కూజాలోంచి సగం గిన్నె వంచి బల్ల మీద పెట్టింది. "మొహానికి మాత్రమే" అంది.

మధ్యాహ్నం మూడింటికి కుళాయిలు తెరిచారు. రెండో రిపోర్టులో సగటుకి బదులు, "అరవై నాలుగింట యాభై ఎనిమిది అయిదుకి తక్కువ, పది దాటినవి మూడు, మూడింటికీ తాళాలున్నవి" అని ల్యాబమ్మ రాసి పంపింది. ఆఫీసరు మళ్లీ సంతకం పెట్టాడు, అదే కాలరు, అదే సర్దుడు. సాయంత్రం ఆవిడ వచ్చేసరికి పునాదాయన స్నానం చేసి గేటు దగ్గర ఉన్నాడు. ఎదురుగా దర్జీ బకెట్లు లోపలికి మోస్తున్నాడు. పునాదాయన్ని చూసి ఏదో అనబోయి, ల్యాబమ్మ బుగ్గ చూసి మానుకున్నాడు. తర్వాత ఆగలేక, "దిగినట్టుంది సార్ సూది" అన్నాడు.

"దిగింది" అన్నాడు పునాదాయన.

ఒకరోజు నీళ్లు ఆగితే మనిషి మారిపోతాడనుకుంటే పొరపాటు. వారం తిరక్కుండా మళ్లీ గదిలో దూరాడు. గడిలో మూడోది ఉండాలని ఇప్పుడు ఒప్పుకున్నాడు: అంకె, ఇంతకి తక్కువ, చూడలేదు. అది బాగానే ఉంది. దాని పేరు మీద ఫోరంలో అప్పుడే నలభై మూడు ఉత్తరాలైపోయాయి, నక్షత్రాలాయన మళ్లీ అలిగాడు. ఒక్కటి మాత్రం నిజంగా మారింది. కొత్త పట్టిక మీద వాడేవాళ్ల తరఫున ఒకరు సంతకం పెట్టాలని, పెట్టందే బయటికి పోకూడదని పునాదాయన రూలు రాశాడు. ఆ సంతకం నీళ్ల ల్యాబుకి ఇచ్చారు. ల్యాబమ్మ ఒప్పుకోవడానికి మూడు రోజులు తీసుకుంది, ఆ మూడు రోజులూ ఆయన అడక్కుండానే సీసాలు, గ్లాసులు, గిన్నెలు అన్నీ కడిగాడు.

నెల తర్వాత ఒక సాయంత్రం ఆయన కొత్త ప్రతిపాదన ఫోరంలో పెట్టాడు. ఈసారి పందొమ్మిది పేజీలే. పెట్టి, చేతులు తల వెనక పెట్టుకుని కుర్చీలో వాలాడు. వంటింట్లో ల్యాబమ్మ ఉల్లిపాయలు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఫోను తీసింది. చదివింది. రెండు వేళ్లతో ఏదో కొట్టింది.

గదిలో టింగుమంది. "మీ ఆసక్తికి కృతజ్ఞతలు. పదకొండు భాగాల్లో రెండు లేవు. నమూనా ప్రకారం లేనందున మూసివేస్తున్నాం."

పునాదాయన గబగబా లేచాడు, గొళ్లెం చొక్కాని పట్టుకుని పర్రుమనిపించింది. "ఏమే, ఏ రెండు లేవంటావు?"

"ఫోరంలో అడగండి" అని వంటింట్లోంచి వినబడింది. చెక్క గోడ అవతల మంచం కిర్రుమంది, అత్తగారు లేచి కూర్చున్నట్టుంది.

 ఆయన చిరిగిన చొక్కా చేతిని మడుచుకున్నాడు. కూర్చుని, పదకొండు భాగాలూ నింపి, అడిగాడు.